నంబరు చెరగని సరుకు: హాంకాంగ్ శాకాహార టీ ఇంట్లో ఒక పూట
(మా వాణిజ్య విలేఖరి)

బుచ్చయ్యపేట: అనకాపల్లి బెల్లం యార్డులో ధర నిర్ణయించేది కన్ను. దిమ్మను గోటితో గీకి, అంచు విరిచి, వెలుతురుకు పట్టి చూచి, మొదటి రకమో, మధ్య రకమో, నలుపో తేల్చడానికి అలవాటుపడిన కొనుగోలుదారుకు అరనిమిషం చాలు. బుచ్చయ్యపేట, వడ్డాది వైపు నుంచి వచ్చిన దిమ్మ ఏ పొలంలోది, ఏ రకం చెరకుది, ఏ వారంలో వండినది అని అడిగే ఆచారం లేదు. అడిగినా ధరలో తేడా రాదు. నలుపు తిరిగిన సరుకుకైతే ధర తగ్గడంతో సరిపోదు. అది సారా బట్టీలకు పోతుందేమోనన్న అనుమానం కూడా తోడవుతుంది. ఎక్సైజు వారి తనిఖీ ఎందుకు తెచ్చుకోవాలని జాగ్రత్తపరుడైన వర్తకుడు దానిని ముట్టుకోవడానికే వెనకాడతాడు.

ఇటువంటి యార్డు వార్తలు రాసే ఈ విలేఖరికి, హాంకాంగ్‌లో ఒక శాకాహార టీ ఇంట్లో గడిపిన పూట తలకిందుల లోకంలా తోచింది. అక్కడి జాబితాలో బాగా ప్రియమైన సరుకులలో ఒకటి కారునలుపు. అదీ పాతది. ఎంత పాతదో అంత ప్రియం.

హాంకాంగ్ నడిబొడ్డున, బ్యాంకుల మేడల మధ్య, హాంకాంగ్ పార్కు ఉన్నది. అందులో 1846లో కట్టిన ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ అనే తెల్లని భవనం ఒకప్పుడు బ్రిటిష్ సేనాధిపతి నివాసం. 1984 నుంచి అది టీ పాత్రల మ్యూజియం. దాని పక్కన 1995లో తెరచిన గ్యాలరీకి కె.ఎస్. లో అనే వ్యాపారి పేరు పెట్టారు. ఈయన 1940లో వీటాసోయ్ పేర సోయా పాలు సీసాలలో అమ్మడం మొదలుపెట్టిన మనిషి. సోయా గింజ మీద సంపాదించినది యీషింగ్ మట్టితో చేసిన పాత టీ కూజాల మీద ఖర్చు పెట్టాడు. చివరకు ఆ కూజాలను నగరానికి ఇచ్చివేశాడు. వర్తకులు ఖర్చు పెట్టే తీరులలో ఇది చెడ్డది కాదు. ఆ గ్యాలరీ భవనంలోనే, 1991లో టీ దుకాణంగా మొదలైన లాక్ చా అనే సంస్థ టీ ఇల్లు తెరచింది. ఫలహారాలన్నీ శాకాహారం.

కాంటనీయులు దీనిని యం చా అంటారు. అంటే టీ తాగడం. టీతోపాటు తినే చిన్న చిన్న ఆవిరి వంటలు డిమ్ సమ్. వెనుకటి కాంటన్‌లో, అంటే నేటి గ్వాంగ్‌ఝౌలో, కూలివాడు కూడా రెండు చిల్లర కాసులకు టీ తాగగలిగిన పూటిళ్ళు ఉండేవి. తరువాత మేడలు వచ్చాయి. మూత ఉన్న కప్పు ఒకటి, తినుబండారాలు రెండు అన్నది నేటికీ వారి వాడుక మాట. ప్రొద్దుటి టీ దగ్గరే బేరాలు జరగడం అక్కడ కొత్త కాదు. మన యార్డు వాకిట హోటల్లో సగం సరుకు చేతులు మారినట్లే. ఎదుటివాడు టీ పోసినప్పుడు బల్ల మీద రెండు వేళ్ళతో తట్టడం కృతజ్ఞత చెప్పడం. కూజా మూత వారగా పెడితే వేడినీళ్ళు తెమ్మని. మాట లేకుండా పని జరిగే పద్ధతి. గుడ్డ కింద వేళ్ళు పట్టి బేరమాడిన పాతకాలపు పశువుల దళారులకు ఇది వెంటనే అర్థమయ్యేది.

రేపరు మీద నాలుగు అంకెలు

ఇక టీ సంగతి. టీ పొడిని పాలలో మరిగించి చక్కెర వేసుకునే మనకు టీ అంటే ఒకటే సరుకు. అక్కడ కూర్చోగానే జాబితా చేతికిస్తారు. ప్రతి టీకీ పేరు, పుట్టిన ఊరు, కోసిన కాలం. తియెగ్వాన్‌యిన్ అయితే ఫూజియన్‌లోని ఆన్‌షీ జిల్లా నుంచి. పూఅర్ అయితే యునాన్ నుంచి. రంగుల మాటలో మన వర్తకులు ఒక జాగ్రత్త పడాలి. మనం బ్లాక్ టీ అనేదానిని చైనావారు ఎర్ర టీ అంటారు. వారు నల్ల టీ అనేది వేరు. అది పులియబెట్టి నిల్వ చేసినది. పూఅర్ ఆ జాతిదే. మాట పట్టుకుని ఆర్డరిస్తే తప్పు సరుకు దిగుతుంది.

పూఅర్ ఆకును ఆవిరి పట్టి పిడకలా ఒత్తుతారు. వాడుకలో ఉన్న తూకం 357 గ్రాములు. ఏడు బిళ్ళలు వెదురు బొప్పిలో చుడితే ఒక కట్ట, దాదాపు రెండున్నర కిలోలు. పన్నెండు కట్టలు ఒక బస్తా. అంటే 84 బిళ్ళలు, 30 కిలోలు. విడి లెక్క, టోకు లెక్క ఒకదానిలో ఒకటి ఇమిడే ఈ కొలత మోతకూ, నిల్వకూ, లెక్కకూ అనువైనది. దిమ్మ దిమ్మకూ బరువు మారి, ప్రతి దిమ్మనూ కాటా ఎక్కించవలసిన మనకు ఇది చూస్తే కొంచెం అసూయ కలుగుతుంది.

అసలు విశేషం రేపరు మీది నంబరులో ఉన్నది. యునాన్‌లోని మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీ సరుకులో పేరు మోసినది 7542. మొదటి రెండంకెలు ఆ పాళ్ళు కుదిర్చిన సంవత్సరం, 1975. మూడో అంకె 4 అన్నది ఆకు గ్రేడు. చివరి 2 ఫ్యాక్టరీ గుర్తు. కున్‌మింగ్‌కు 1, మెంగ్‌హాయ్‌కు 2, షియాగ్వాన్‌కు 3. నాలుగంకెలలో సరుకు జాతకమంతా ఉన్నది. తయారైన సంవత్సరం వేరే చెబుతారు. అంతేకాదు, బిళ్ళ ఒత్తేటప్పుడే ఫ్యాక్టరీ గుర్తున్న చిన్న కాగితం ముక్కను ఆకులోనే దిగేలా పెడతారు. రేపరు మార్చవచ్చుగాని, బిళ్ళ విరగకుండా ఆ ముక్క ఊడి రాదు.

మన చెరకుకు కూడా ఇటువంటి జాతకమే ఉన్నది. 1913లో స్థాపించిన అనకాపల్లి చెరకు పరిశోధనా కేంద్రం విడుదల చేసిన 87ఎ298 రకాన్ని ఈ జిల్లా రైతుకు పరిచయం చేయనక్కరలేదు. 87 సంవత్సరం, ఎ అంటే అనకాపల్లి, 298 వరుస నంబరు. పొలంలో ప్రతి గెడకూ ఈ నంబరు ఉన్నది. విత్తనపు ముచ్చె కొనేటప్పుడు రైతు నంబరు అడిగే కొంటాడు. గానుగ దాకా కూడా ఉన్నది. పెనంలో పాకం తిరిగిన దగ్గర నంబరు ఆవిరైపోతుంది. దిమ్మగా యార్డుకు చేరేసరికి అది తెలుపో నలుపో మాత్రమే.

ఇది చైనావారికే సాధ్యమైన విద్య కాదు. గుంటూరు యార్డుకు పోతే మిరపకాయను ఎవరూ ఉత్త మిరపకాయ అనరు. తేజ అంటారు, 334 అంటారు. ధరల పట్టికలో వాటికి వేరు వేరు గడులు. మన తేజ మిర్చిని చైనావారు పేరు పెట్టి అడిగి కొంటున్నారు, విరివిగా కొంటున్నారు. కలకత్తా టీ వేలం 1861లో మొదలైంది. అక్కడ తోట పేరు, గ్రేడు లేకుండా లాటు పాటకు రాదు. నంబరు పోగొట్టుకునే దౌర్భాగ్యం బెల్లానికే పట్టింది.

బుట్టలో ఏమున్నది

ఆవిరి బుట్టలు వచ్చాయి. వెదురు బుట్ట మూత తీయగానే అద్దంలా లోపలి కూర కనబడే చుట్టలు మూడు. ఈ పారదర్శకమైన తోలు గోధుమ పిండిని నీటిలో కడిగితే దిగే గంజి పిండితో చేస్తారు. కడగగా మిగిలిన జిగురు ముద్ద వృథా కాదు. శాకాహారుల వంటలో మాంసానికి బదులు అదే పడుతుంది. ఒకే బస్తా గోధుమ పిండి నుంచి రెండు సరుకులు, రెండింటికీ గిరాకీ. మిల్లు నడిపేవారు గమనించవలసిన లెక్క ఇది. బియ్యపు పిండిని పలుచగా ఆవిరి పట్టి చుట్టినవి, తెల్ల ముల్లంగి తురుము బియ్యపు పిండిలో కలిపి ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి పెనం మీద కాల్చినవి, నువ్వులు అద్దిన బూరెలు, ఎర్ర చిక్కుడు గింజల పూర్ణం పెట్టిన పిండి ముద్దలు. ఈ బూరెలు మన ఇంటి సంక్రాంతి పిండివంటలకు దూరపు చుట్టాలు. జీడిపప్పు, వేరుశనగ, నువ్వులు, కొబ్బరిపాలలో సగ్గుబియ్యం ఆ వంటలలో తరచు తగులుతాయి. పలాస, పెద్దాపురం, సామర్లకోట వర్తకులకు ఈ సరుకులలో దేనినీ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఒక సంగతి విచిత్రంగా ఉన్నది. బౌద్ధ సంప్రదాయపు శాకాహారంలో వెల్లుల్లి, ఉల్లి జాతులు నిషిద్ధం. అది మనకూ తెలిసినదే. కాని వారి నిషేధాల జాబితాలో అయిదవది ఇంగువ. ఉల్లి మానినవారు ఇంగువతో సరిపెట్టుకోవడం మన ఆచారం. వారి పెద్దలు ఆ దారి కూడా మూసివేశారు. వాసన లేని వంటకు రుచి తెచ్చే భారమంతా పుట్టగొడుగులు, అల్లం, నువ్వుల నూనె, సోయా పులుసుల మీద పడింది. చాంద్రమాసంలో పాడ్యమి నాడు, పున్నమి నాడు శాకాహారం పట్టే ఇళ్ళు అక్కడ నేటికీ చాలా ఉన్నాయి. మన ఏకాదశి లెక్క తెలిసిన వర్తకుడు ఆ రెండు తిథుల గిరాకీని సులభంగా ఊహించగలడు.

బెల్లం వర్తకులు ఆగి చూడవలసినది తీపి వంటల దగ్గర. కాంటనీయులు కొత్త సంవత్సరానికి జిగురు బియ్యపు పిండితో, గోధుమ వన్నె చెరకు చక్కెరతో చేసే ఆవిరి రొట్టె ఒకటి ఉన్నది. బియ్యపు పిండి, చెరకు తీపి, పండుగ అని మూడు మాటలలో చెబితే మన అరిసె అనుకోవచ్చు. నూనె బదులు ఆవిరి, అంతే తేడా. ఆ చక్కెర పలకలుగా అమ్ముడవుతుంది, పొరలు పొరలుగా, కొంచెం మబ్బు రంగులో. ముదురు రంగుదానిని ఎర్ర చక్కెర అంటారు. బాలింతలకు అల్లంతో కలిపి ఇవ్వడం వారి ఇళ్ళలోనూ ఉన్నది. మన శొంఠి కాయం లెక్కే. తెల్ల పంచదార చేతికందే ధరలో ఉండగా ఈ వంటకు ఈ ముదురు సరుకునే అడిగి కొంటున్నారు. రంగు ఇక్కడ లోపం కాదు, గుర్తు. రొట్టె తెల్లగా వస్తే కొన్నవాడు అది వేరే సరుకుతో చేసినదని అనుమానిస్తాడు.

చెరకు తీపి విద్య ఇక్కడి నుంచే అక్కడికి పోయిందన్నది చరిత్ర. 647లో తాంగ్ చక్రవర్తి తైజాంగ్ చక్కెర తయారీ నేర్చుకు రమ్మని మగధకు మనుషులను పంపినట్లు వారి రాజ్య చరిత్రలే చెబుతున్నాయి. తరువాత తెల్ల చక్కెరకు ఉత్తరాదివారు చీనీ అని పేరు పెట్టుకున్నారు. పద్దెనిమిదవ శతాబ్దం చివర టాంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు వారన్ హేస్టింగ్స్ కాలంలో కలకత్తా దిగువన బడ్జ్‌బడ్జ్ దగ్గర నేల తీసుకుని చెరకు వేసి చక్కెర మిల్లు పెట్టాడు. ఆ ఊరు నేటికీ ఆయన పేర అచీపూర్. మన దేశంలో స్థిరపడిన చైనావారు తమ తొలి మనిషిగా చెప్పుకునేది ఒక చక్కెర వ్యాపారిని.

బిల్లు చూడవలసినది. పాత పద్ధతి టీ ఇళ్ళలో బల్ల మీద ఒక కార్డు ఉంటుంది. డిమ్ సమ్‌ను చిన్నది, మధ్యది, పెద్దది, ప్రత్యేకం అని తరగతులుగా విడదీసి, బుట్ట వచ్చినప్పుడల్లా ఆ తరగతి గడిలో ముద్ర వేస్తారు. చివరకు ముద్రలు లెక్కిస్తే బిల్లు. ఇందుకు తోడు టీ రుసుం తలకింత అని వేరే పడుతుంది, తిన్నా తినకున్నా. కమీషను, హమాలీ, కాటా కూలి కట్టి అలవాటైన మనవారికి ఆ రుసుం మీద తగాదా ఉండదు.

2007 పాఠం

ఇంతవరకు చదివి, పాత పూఅర్ కొని గోదాములో పెడదామని ఎవరైనా అనుకుంటే ఒక్క మాట. హాంకాంగ్ ఉక్కపోతలో టీ ఇళ్ళవారు నిల్వ పెట్టిన పూఅర్ రుచి మారి మెత్తబడుతుందని మొదట కనిపెట్టినది వాడకందార్లు. సట్టా వ్యాపారులు తరువాత వచ్చారు. వచ్చి 2006లోనూ 2007 మొదటి నెలలలోనూ ధరలను ఆకాశానికెత్తారు. తాగనివాడు కూడా కొన్నాడు. 2007 వేసవికల్లా బజారు కుప్పకూలింది. మెంగ్‌హాయ్ ప్రాంతంలో చిన్న ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. పల్లెలో ఆకు కోసే రైతు దగ్గరకు కొనేవాడు రాలేదు. పేరుకు ధర ఉన్నచోట దొంగ పేరు కూడా పుడుతుంది. లావో బాన్‌చాంగ్ అనే కొండ పల్లె పేరుతో అమ్ముడయ్యే సరుకంతా ఆ పల్లెలో పండినది కాదని అక్కడి వర్తకులకే తెలుసు. నంబరు ఉన్నంత మాత్రాన మోసం ఆగదు. మోసం జరిగినప్పుడు ఎవరిని పట్టుకోవాలో మాత్రం తెలుస్తుంది.

పైగా బెల్లం టీ కాదు. టీ ఆకు గాలికి పండుతుంది, బెల్లం గాలికి చెడుతుంది. తొలకరి తేమ తగలగానే దిమ్మ చెమ్మగిల్లి, లోపలి చక్కెర విరిగి, నలుపెక్కి జారిపోతుంది. అందుకే కోల్డ్ స్టోరేజీ అద్దెలు కట్టడం. వైద్యానికి ఏడాది దాటిన పాత బెల్లం అడిగేవారు ఉన్నారుగాని, ఆ గిరాకీ యార్డును నిలబెట్టేది కాదు.

మన కొనుగోలుదారు కన్ను పూర్తిగా తప్పు కూడా కాదు. నత్రజని ఎరువు ఎక్కువైనా, చవుడు నేలలో పండినా, పడిపోయిన చెరకు ఆడినా, పాకం మాడినా రంగు ముదురుతుంది. నలుపులో నాసిరకం ఉన్న మాట నిజం. చిక్కు ఎక్కడంటే, నాసి నలుపుకూ, ఏమీ కలపకుండా సున్నం తేట, బెండ జిగురు మాత్రమే వేసి వండిన నలుపుకూ యార్డులో ఒకే ధర. రెండవదానిని వండే రైతుకు మిగిలిన దారి హైడ్రోస్. చిటికెడు పొడితో దిమ్మ బంగారు వన్నె తిరుగుతుంది. మొదటి రకం ధర పలుకుతుంది. కొన్ని వారాలు గడిచాక కొన్నవాడి గోదాములో ఆ వన్నె వెలిసిపోతుంది. అప్పటికి దిమ్మ ఎవరిదో చెప్పగలవారు లేరు. నష్టం దూరపు వర్తకుడిది, చెడ్డపేరు అనకాపల్లి మార్కెట్ మొత్తానిది. ఈ లెక్క యార్డులో అందరికీ తెలిసినదే. తెలిసి కూడా ఎవరికి వారు ఆ రోజు ధర చూచుకుంటున్నారు.

ఈ మధ్యకాలంలో ఇతర చోట్ల జరిగినది మనవారు చూడకపోలేదు. కొల్హాపూర్ బెల్లానికి 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కేరళలో మున్నార్ టీ తోటలకు అవతల, మరయూర్ కొండలలో వండే బెల్లానికి 2019లో వచ్చింది. మరయూర్ బెల్లం ముదురు గోధుమ రంగు. రసాయనం వేయరన్నదే దాని పేరు. కొనేవాడు ఆ రంగు చూచే కొంటాడు. అదే రంగు దిమ్మ మన యార్డులో దిగితే మూడో రకం గుట్టలోకి పోతుంది.

బుచ్చయ్యపేట చుట్టుపట్ల చెరకు వేసేవారు తగ్గుతున్నారు. కూలి దొరకదు, వంట చెరకు ఖర్చు, చక్కెర మిల్లుల అవస్థ అందరూ ఎరిగినదే. ఇంకా గానుగ ఆడుతున్నవారిలో కొందరు దిమ్మలు మాని, కిలో, అరకిలో అచ్చులు పోస్తున్నారు. అచ్చు ఎటూ కావలసినదే గనుక, దాని అడుగున ఊరి పేరు, చెరకు నంబరు, వండిన నెల చెక్కించడానికి అయ్యేది ఒక వడ్రంగి పూట కూలి. బెల్లంలో దిగిన అక్షరం ముక్క కరిగేదాకా పోదు. అటువంటి అచ్చులు యార్డుకు వస్తే వాటిని వేరే గుట్టగా పెట్టి వేరే పాట పాడడానికి కమీషన్ వర్తకులు ఒప్పుకోవాలి. మొదటి సీజనులో ఆ గుట్టకు పాట తక్కువే పలకవచ్చు. ఆ తేడా రైతు భరించాలా, వర్తకుడు భరించాలా అన్నది కార్తీకం వెళ్ళి కొత్త బెల్లం దిగేలోపు తేలవలసి ఉన్నది.